చివరి చరణం దాకా రానివ్వని చప్పట్లు

మా చిన్నతనాన సిరిసిల్లలో, నర్సయ్య తాత మగ్గం మీద కూర్చుని నాటకానికి పాట కడుతుంటే, పక్కన నూలు కండెలు చుడుతూ మా బాపమ్మ, అంటే నాయనమ్మ, దెప్పేది...

"జర చెడగొట్టి రాయరాదు? గప్పుడన్న నీ పేరు ఇనవడ్తది!"

ఆ దెప్పుడులో న్యాయం ఉంది. మా ఊరి నాటక సమాజానికి సొంతంగా పాటలు రాసిన తొలి మనిషి మా తాత. అంతకుముందు ఎక్కడెక్కడి పాటలో అరువు తెచ్చుకుని పాడేవారట. కవి పేరు చివరి చరణంలో రావాలన్నది ఆనవాయితీ. అయితే పాట నచ్చితే జనం సగంలోనే "వన్స్‌మోర్!" అని అరిచేవారు. నటుడు మళ్లీ పల్లవి అందుకోవాల్సిందే. ఆ సందడి ముగిసేసరికి హార్మోనియం తర్వాతి రంగానికి మళ్లేది... పాట ఎంత బాగుంటే, రాసినవాడి పేరు అంతగా మరుగున పడేది.

తాత ఆ చరణాన్ని కాగితం మీద పెట్టేవాడు కాదు. నటుడికి నోటితోనే నేర్పేవాడు. ఇంట్లో పాడమంటే ఒప్పుకునేవాడు కాదు.

"నా పేరు నేనే పాడుకుంటె సొంత డబ్బా అయితది బిడ్డా. స్టేజీ మీద ఇనాలె."

ఆయన పాట కట్టిన చివరి నాటకం ఒక దసరా సెలవుల సాయంత్రం, బడి ఆవరణలో... రాజు ఊరు విడిచి అడవికి పోయేటప్పటి పాట. రాజు వేషం కట్టిన మల్లన్న ముందే మాటిచ్చాడు.

"కాకా, జనాన్ని మొత్తుకోనీ... గీసారి నీ పేరు పాడినంకనే ఆగుత."

రెండో చరణానికే ఈలలు. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" మల్లన్న ఆగండన్నట్టు అరచేయి చూపి, చివరి చరణానికి గొంతు సవరించుకున్నాడు. జనం ఆగలేదు. మల్లన్న దిక్కుతోచక తాత వైపు చూశాడు. ముందు వరుసలో ఉన్న తాత వేలు గుండ్రంగా తిప్పాడు... మళ్లీ మొదటి నుంచి పాడమని.

బాపమ్మ నెత్తి కొట్టుకుంది. "నోటికాడి బుక్క నూకేసుకున్నడు గీ మనిషి!"

"ఎందుకట్ల జేసినవ్ తాతా?" అని దారిలో నిలదీశాను.

"జనం పాట అడుగుతుంటె నా పేరు ఇనుండ్రి అంటనా? సిగ్గుగాదె?" అని నవ్వాడు.

తాత పోయాడు. మల్లన్నా పోయాడు. మొన్న మా విశ్వవిద్యాలయ సభలో అదే పాటను "రచయిత తెలియని జానపదం" అని ప్రకటించారు. ఊరుకునే స్వభావం కాదు నాది. లేచి, ఇది మా తాత రాసిన పాట అన్నాను.

"జనం పాటకు గిట్ల వారసులు లేస్తె ఎట్లక్కా? ఆయన పేరు పాటల ఏడుంది?" అన్నాడు వేదిక మీది కుర్రాడు. సభంతా నవ్వింది.

కర్తను మరిచిపోయినంత మాత్రాన కర్త లేనట్టు కాదని వాదించాను. ఎంతసేపైనా వాదించగలను. వాళ్లడిగింది మాత్రం ఒక్క చరణం... అది నాకు రాదు.

ఇప్పుడు పాటను రెండోసారి పాడమని అడిగేవారే లేరు. పల్లవి ముగియకముందే ఫోన్లో వేలితో పైకి తోసేస్తున్నాం. అయినా అడుగుతున్నాను... మా సమాజం ఆ నాటకాన్ని తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలోనూ ఆడింది. అది చూసిన పెద్దలు మీ ఇంట ఉంటే, దయచేసి ఆ చివరి చరణం కనుక్కుని ఇక్కడ రాయండి. తాత పాట నచ్చక, చప్పట్లు కొట్టకుండా చివరిదాకా కూర్చున్న ఊరు ఒక్కటైనా ఉండకపోదు.

ఆ ఊరికి మా తాత పేరు తెలిసే ఉంటుంది.