చీటీ మీద పాత విలువ

మాకు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ పోయారని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. మీటింగ్ ఉంది, తర్వాత చేస్తానని పెట్టేయబోయాను. విషయం విన్నాక ఆ మీటింగ్‌కి వెళ్లనే లేదు.

హనుమకొండలో రెండు గదుల ఇన్‌స్టిట్యూట్ ఆయనది. ఆయన నేర్పిన భాషలో ఒక పేరుకు విలువ ఇస్తే ఇచ్చినట్టే, మధ్యలో మారదు. మార్చాలంటే నిర్వచనమే తిరగరాసి మళ్లీ కంపైల్ చేయాలి, అంటే మనం రాసినదాన్ని కంప్యూటర్ నడపగల రూపంలోకి తేవాలి. ఇది చెప్పడానికి సార్ మాలో ఒకరిని కంపైలర్‌గా నిలబెట్టేవారు. బోర్డు మీది విలువను అతను చీటీ మీద పెన్నుతో రాసి ఇంకొకరికి ఇవ్వాలి. తర్వాత సార్ బోర్డు మీద పది చెరిపి పన్నెండు రాసేవారు. చీటీ ఉన్నవాడు మాత్రం పది అనే చదివేవాడు.

"నేను బోర్డు మార్చిన. చీటీ ఎవలు మార్చాలె?" అని నింపాదిగా అడిగేవారు సార్. బీటెక్ చదివినవాళ్లతో ఈ బడిపిల్లల ఆటలేంటని నేను మూతి తిప్పుకునేదాన్ని.

తర్వాత మడికొండలో ఉద్యోగం వచ్చింది. పిల్లల దవాఖానకు మందుల మోతాదులు లెక్కగట్టే ప్రోగ్రామ్ నా పని. రెండేళ్ల కిందట ఒక మందు గరిష్ఠ మోతాదు తగ్గించమన్నారు డాక్టర్లు. నిర్వచనం మార్చాను, ఆ ఒక్క ఫైలూ కంపైల్ చేసి సరిచూసుకున్నాను. సాయంత్రానికి అది దవాఖానకు పోవాలి. గొప్పగా సార్‌కి ఫోన్ చేశాను.

సార్ మెచ్చుకోలేదు. "ఆ విలువ వాడుకునే ఫైళ్లన్నీ మళ్ల కంపైల్ జేసినవా బిడ్డా?" అన్నారు.

ముందు కోపమొచ్చింది. తర్వాత చూస్తే, మందుల చీటీలు అచ్చువేసే ఫైలులో పాత మోతాదే ఉంది. ఏ పసిపిల్లకో ఎక్కువ మందు పడేది. అన్నీ మొదటినుంచి కంపైల్ చేసి, ఒకటికి నాలుగుసార్లు చూసుకుని, గంటన్నర తర్వాత సార్‌కి చెప్పాను. దొరికింది గదా, ఇక ఫికర్ చేయొద్దన్నారు, అంతే.

మొన్న వాళ్లింటికి వెళితే మేడం, సార్ భార్య, ఆ రోజు సంగతి చెప్పారు. గుండె పరీక్షల కోసం హైదరాబాద్ బయల్దేరి, కాజీపేటలో ఇద్దరూ రైలెక్కి కూర్చున్నాక నా ఫోన్ వచ్చిందట. "దార్ల సిగ్నల్ పోతదని మీ సారు దిగిండు, ఎంబడి నేను దిగిన. ఆ పిల్ల మళ్ల ఫోన్ జేసేదాక కదల అన్నడు," అన్నారు.

రెండు రోజులకు మళ్లీ వెళ్లి పరీక్షలు చేయించుకున్నారట. నాతో ఒక్క ముక్క అనలేదు. ఏం చేస్తున్నా నాకిప్పుడు అదే కళ్లకు కడుతోంది. రైలు వెళ్లిపోయిన ప్లాట్‌ఫామ్, బెంచీ మీద మేడం, పక్కనే రిపోర్టుల సంచి ఒళ్లో పెట్టుకుని ఫోన్ వంకే చూస్తూ మా సార్.