అన్నం ఉడికేదాకా తెరుచుకోని ల్యాప్‌టాప్

జమ్మలమడుగులో మా లెక్కల టీచరమ్మ పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పేసరికి, నేను ప్రొద్దుటూరులో అంగడి తెరుస్తున్నాను. కంప్యూటర్లు అమ్మడం నా పని. ఆ కబురు వినగానే ఏడుపుకంటే ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్పేస్తాను, దాచుకుని ఏం చేసుకోను?

ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉండేది. లెక్క తప్పు చెప్పినవాణ్ణి కూర్చోమనేవారు. తెలిసీ నోరు విప్పనివాణ్ణి నిలబెట్టేవారు. "తప్పు చెప్పినోడు రేపు నేర్చుకుంటాడు. తెలిసీ చెప్పనోడికి నేనేం నేర్పేదప్పా?" అనేవారు. నేను చాలాసార్లే నిలబడ్డాను.

రిటైరయ్యాక వీధిలో ఆడవాళ్లకు పింఛనుకూ రేషన్ కార్డుకూ అర్జీలు రాసిపెట్టేవారు. చెయ్యి వణకడం మొదలయ్యాక, మామూలు ల్యాప్‌టాప్ ఒకటి చాలంటూ బస్సెక్కి మా అంగడికి వచ్చారు. అక్షరాలు కనపడాలి, తెలుగు కొట్టాలి, అంతే.

"పొద్దున కూలికి పోయేటోళ్లు వస్తాండారు నాయనా. ఆడ ఆటో నిలబడి ఉంటాది. బిరీన తెరుచుకోవాల" అన్నారు.

నొక్కగానే తెరుచుకునేది ఒకటి నా చేతికందే దూరంలోనే ఉంది. ధరలోనూ పెద్ద తేడా లేదు. కానీ పాత సరుకు ముందు వదిలించమని ఓనరు చెప్పి ఉన్నాడు. ఏళ్లుగా అరలో పడి ఉన్నదాన్ని తుడిచి, ఆమె టీ తాగుతుండగానే ఆన్ చేసి పెట్టాను, అది ఎంతసేపటికి తెరుచుకుంటుందో కనపడకుండా. స్క్రీన్ పెద్దది టీచర్, మీకు ఇదే మేలు అన్నాను. రెండోదాని వంక ఆమె చూడనైనా లేదు.

"నువ్వు చెప్పినాక ఇంకేంది చూసేది?" అని సంచిలో పెట్టుకున్నారు.

తర్వాత వాళ్ల చెల్లెలు ఒకసారి బజారులో కనపడి నవ్వుతూ చెప్పింది. అక్క ఇప్పుడు గంట ముందే లేస్తోందట. బటన్ నొక్కి ఎసరు పెడుతుందట, అన్నం ఉడికేలోపు అది తెరుచుకుంటుందట. ఎవరైనా విసుక్కుంటే, మా పిల్లోడు ఏరి ఇచ్చినాడు, ఏమనొద్దు అంటుందట. లోపల ఒక్క భాగం మారిస్తే సరిపోయేది, నాకు గంట పని. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపేశాను. జమ్మలమడుగు ఏమన్నా సముద్రాల అవతలుందా?

సమాధి చేసిన మూడో రోజు వెళ్లాను. వీధిలో ఒకామె కోసం టీచరమ్మ కొడుతున్న పింఛను అర్జీ సగంలో ఆగిపోయిందట, దాన్ని ల్యాప్‌టాప్‌లోంచి తీసివ్వమంది చెల్లెలు. ల్యాప్‌టాప్ మీద టీచరమ్మ పాత చీర ముక్క మడిచి కప్పి ఉంది. తీసి బటన్ నొక్కాను. నల్లటి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. చెల్లెలు లోపలికి వెళ్లి ఎసరు పెట్టి వచ్చింది.

"శానాసేపు పడతాది. కూర్చో నాయనా" అని కుర్చీ జరిపింది.

లోపల బియ్యం ఉడుకుతున్న వాసన వచ్చింది. చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నేను కూర్చోలేదు.