గుమ్మం ముందు రెండు జతలు

పోయిన వేసవిలో కళ్లు చూపించుకోడానికి గరివిడి నుంచి విజయనగరం వెళ్లాను. తిరుగు బస్సుకు ఇంకా టైముంది. ఎండకు తాళలేక, నేటి చైనా మనుషుల గురించి అక్కడి కళాకారులూ మనవాళ్లూ కలిసి పెట్టిన ప్రదర్శనలో దూరాను.

ఒక చైనా అమ్మాయి, చనిపోయిన తన తల్లి గదిని అక్కడ ఉన్నదున్నట్టు కట్టి చూపించింది. గుమ్మం ముందు ఆవిడ గుడ్డ చెప్పులున్నాయి. అలవాటుగా నావీ పక్కనే విడిచి లోపలికెళ్లాను. ఒకటే కుర్చీ, ఒకటే కప్పు. మా ఆయన పోయాక నా ఇల్లూ అంతే.

బయటికొచ్చేసరికి జనం రెండు జతలకూ ఫొటోలు తీస్తున్నారు. నావి తీసుకోబోతే కాపలా ఆవిడ ఆపింది.

"ముట్టుకోకమ్మా. అయి ప్రదర్శనలోవి."

"నా సెప్పులేనమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అంతలో ఆ చైనా అమ్మాయే వచ్చి ఏదో అడిగింది. ఆమె పక్కనున్న మనావిడ తెలుగులో చెప్పింది. "ఉంచీమంటన్నాదమ్మా. ఆకరి రోజుల్లో ఆళ్లమ్మ ఇంటికి ఎవలూ రానేదట."

ఉంచేసి, ఉత్త కాళ్లతోనే బస్సెక్కాను.

తర్వాత కొత్త జత కొనుక్కున్నాను. మా గుమ్మం ముందు విడిచేటప్పుడు, పక్కన ఇంకో జతకు చోటు వదులుతున్నాను.