గంజి తాగిన రైఫిల్

ముందే చెప్పేస్తే మంచిది. నేను చెప్పే సంగతులను మా ఇంటావిడ నాలుగుతో భాగించి వింటుంది, చుట్టాలుంటే ఆరుతో. నేను చూసిన పాము ప్రతిదీ ఇంటి వాసమంత ఉంటుంది, నేను తడిసిన వాన ప్రతిదీ వారం రోజులు కురుస్తుంది. ఇది అబద్ధమని నేననుకోను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే వినేవాడు నిద్రపోతాడు, వాడి నిద్ర చెడగొట్టడం నా ధర్మం. కాబట్టి ఇక్కడి కొలతలన్నీ నావి, మనుషులు మాత్రం ఉన్నవాళ్లే. ఒక్కచోట మాత్రం కొలత పెంచడం కాదు, ఏకంగా కల్పించాను. అదెక్కడో చివర నేనే ఒప్పుకుంటాను.

మొన్న ఆలేరులో బ్యాంకుకు పోతే, గడప పక్కన స్టూలు మీద కాపలా మనిషి తుపాకీ విప్పి ఒళ్లో పెట్టుకుని, గొట్టంలోకి నూనె గుడ్డ దూర్చి లాగుతున్నాడు. గుడ్డ నల్లగా వస్తోంది. "ఒక్కపారి గూడ కాల్చలే సార్, గింత మురికి యాడికెల్లి వస్తదో" అని నాతో మొర పెట్టుకున్నాడు. నేను వచ్చిన పని మరిచి అక్కడే నిలబడిపోయాను. నా ముక్కుకు తగిలింది నూనె వాసన కాదు. పాతికేళ్ల కిందటి పులిసిన కలి వాసన.

మాది గుట్ట కింది సాలె వాడ. ఇంటింటికీ ఒక గుంట మగ్గం, గుట్ట వార ఎకరమో అరెకరమో జొన్న చెలక. నేసింది పండుగకు, పండింది పొట్టకు. ఆ జొన్నకు మాకంటే ముందు హక్కుదార్లు గుట్ట మీది అడివిపందులు. నేను చూసిన పంది ఒకటి ఎడ్లబండి కంటే రెండు జానలు పొడుగు; కావలిస్తే మీరూ భాగించుకోండి. అవి భయపడేది మా పెద్దబాపు రైఫిల్ ఒక్కదానికే. పెద్దబాపు అంటే మా నాయిన అన్న. వయసులో పల్టన్‌లో చేరి, యుద్ధం చూసి వచ్చి, మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు. పంట కాపలాకని ఆయనకు లైసెన్సు ఇచ్చారు. ఊళ్లో రెండో తుపాకి ఊరి పెత్తనం చేసే పోలీసు పటేలుది. అది కావాలంటే ఆయన వాకిట్లో పొద్దంతా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన భోంచేసి, కునుకు తీసి లేచి వచ్చేసరికి, చెలకలో పందులు కూడా భోంచేసి కునుకు తీస్తుండేవి.

పెద్దబాపుకు ఆ రైఫిల్ మీద ప్రాణం. ఆఖరి వానకాలంలో ఆయన మంచం పట్టాడు. గొట్టానికి పూసే నూనె అయిపోయింది, పోయి తెచ్చుకునే ఓపిక లేదు, తుప్పు పడుతుందేమోనని దిగులు. అప్పుడాయనకు సాలెవాడికి మాత్రమే రాగల ఆలోచన వచ్చింది. పోగులు తెగకుండా మేం పడుగుకు గంజి పెడతాం. జొన్నపిండి గంజిలో ఇంత నువ్వుల నూనె కలిపి కుంచెతో పూస్తాం. దారానికి చొక్కా తొడిగినట్టన్నమాట. నూలును కాపాడే గంజి ఇనుమును కాపాడదా అనుకున్నాడు. గొట్టం లోపల దిట్టంగా గంజి పట్టించి, మూతికి గుడ్డ కట్టించి, అటకెక్కించాడు. వాన వెలిసేలోగా ఆయన పోయాడు. గంజి ఉండిపోయింది.

లైసెన్సు ఆయన భార్య, మా పెద్దమ్మ పేరుకు మారాలంటే ఠాణా పెద్ద అమీన్ సాబు తుపాకీ చూసి సంతకం చేయాలి. ఆమెకు తోడు నేను పోయాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాణ్ని, అయినా దరఖాస్తు రాయగలిగినవాణ్ని కనుక వాడంతటికీ మేధావిని. అమీన్ సాబు గొట్టం కంటికి పెట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. అవతల వెలుతురు ఉన్న జాడే లేదు. గంజి ఎండి, పెచ్చులు కట్టి, లోపల మూడు పూతలు సున్నం వేసిన గోడలా ఉంది. ఇది పేలిస్తే పంది బతుకుతుంది, పేల్చినవాళ్లు పోతారన్నాడు. ఎనిమిది రోజుల్లో సాఫ్ చేసి తేవాలి, లేకుంటే ఠాణాలోనే జమ. కంకులు పాలు పోసుకునే వేళ అది. తుపాకి ఠాణాలో కూచుంటే ఆ ఏటి జొన్నంతా పందులదే.

వాడలో మగవాళ్లందరూ రాత్రికి రాత్రే డాక్టర్లయ్యారు. మా నాయిన గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, పోశాడు. గంజి తాగి ఊరుకుంది. ఇత్తడి చెంబులు తళతళలాడవా అని నేను చింతపండు పులుసు పోయించాను. ఒక్క పెచ్చు కదలలేదు. ఇంకొకాయన కడ్డీకి గుడ్డ చుట్టి దూర్చితే అది సగంలో ఇరుక్కుంది. ఇటు నలుగురం అటు నలుగురం పట్టి లాగితే (పన్నెండు మందిమని కూడా కొన్నిచోట్ల చెప్పి ఉన్నాను) కడ్డీ వచ్చింది, ఆ ఊపుకు మా నాయిన వెనక్కి పోయి గంజి కుండలో కూచున్నాడు. కమ్మరి వచ్చి, సలాక ఎర్రగా కాల్చి గీకిపారేస్తానన్నాడు. పెద్దమ్మ తుపాకీని ఆయన చేతిలోంచి తీసేసుకుంది. లోపల ఒక్క గీత పడ్డా గుండు దారి తప్పుతుందని పెద్దబాపు చెప్పేవాడట.

సరిగ్గా అప్పుడే పటేలు అటుగా వచ్చి మా అరుగు ముందు ఆగాడు.

"సాలోళ్ల తుపాకి గదా, గంజి తాగక ఏం తాగుతది? ఇగ పందులను కొట్టుడు బంద్‌ జేసి, వాటికి ధోతులు నేసియ్యుండ్రి."

వెంట ఉన్నవాళ్లు నవ్వారు. భయానికి మేమూ కొంచెం నవ్వాం. పెద్దమ్మ నవ్వలేదు. ఆయన పోయేదాకా ఆగి, మమ్మల్నందరినీ పక్కకు జరిపింది.

"మీరంత ఇనుమును కడుగుతున్నరు బిడ్డా. ఆడ పట్టింది గంజి. గంజి ఎట్ల వోతదో మనకు తెల్వదా?"

తెలుసు. కొత్త బట్టకు రంగు వేసే ముందు గంజి వదిలించాలి. బియ్యం కడుగునీళ్లలో అన్నం వార్చిన గంజి కలిపి పులియబెట్టిన కలిలో నానేస్తే, గంజి మెత్తబడి తనంతట తానే విడిచి వస్తుంది. ఆ పని ఆడవాళ్లది కనుక మా డాక్టర్లెవరికీ గుర్తురాలేదు. పెద్దమ్మ బోల్టు తీసి పక్కన పెట్టింది. గొట్టం మూతికి కర్ర బిరడా దిగ్గొట్టి, చుట్టూ మైనం పట్టించిన నూలు చుట్టింది. రైఫిల్‌ను తలకిందులుగా మగ్గం గుంజకు కట్టి, వెనక వైపు నుంచి కలి పోసింది. పొద్దునొకసారి పాతది తీసి కొత్తది పోయడం, ఇలా మూడు రోజులు. ఆ వాసనకు ఎదురింటి ఎద్దు పలుపు తెంచుకుని జనగామ దారి పట్టిందంటే మీరు నమ్మరు, నమ్మకండి.

నాలుగో రోజు బిరడా పీకితే గొట్టం భళ్లున కక్కింది. తెల్లటి జిగురు, పెచ్చులు, మధ్య మధ్య నా చింతపండు పీచు. వేన్నీళ్లతో కడిగాం. తర్వాత ఆమె ముప్పై పోగులు పేని తాడు చేసి, జానకొక మెత్తటి గుడ్డ ముడి వేసి గొట్టంలోంచి తీసింది. ఒక కొసన ఆమె, ఒక కొసన నేను, మగ్గం మీద నాడె ఆడినట్టు పొద్దుగూకేదాకా అటూ ఇటూ లాగాం. నా అరచేతులు బొబ్బలెక్కి నేను నెమ్మదిస్తే, "దరఖాస్తులు రాసే చేతులు గింతేనారా" అనేది. ఆమె చేతులు నలభై ఏళ్లుగా నూలు లాగుతున్నవి. చివరికి గుడ్డ ఎలా పోయిందో అలాగే తెల్లగా వచ్చింది. తడి ఆరబెట్టి, నూనె పట్టించింది.

ఎనిమిదో రోజు ఠాణాకు పోయేసరికి అమీన్ సాబు బల్ల పక్కన కుర్చీలో పటేలు ఉన్నాడు. అమీన్ సాబు గొట్టం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. అందులోంచి ఆయనకు యాదగిరిగుట్ట గోపురం కనబడిందని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. కిటికీ బయటి వేపకొమ్మ కనబడి ఉంటుంది. గొట్టం మూతి వాసన చూసి, ముఖం తిప్పేసి, సాఫుగానే ఉందని కలం తీశాడు.

"సాఫుంటే ఏమాయె అమీన్ సాబ్," అన్నాడు పటేలు. "ఆడమనిషికి తుపాకెందుకు? ఈడ్నే జమ జేస్కోండ్రి. పందులొస్తే నేను లేనా?"

కలం ఆగింది. అమీన్ సాబు కాగితం వైపు కాక పటేలు వైపు చూశాడు. అప్పుడు మా పెద్దమ్మ అన్నది:

"పటేలా, నా జొన్న నేను గాసుకుంట. నీ వాకిట్ల కట్టుకోని నిలవడెతందుకు నా చేతులు ఖాలీ లేవు."

అమీన్ సాబు సంతకం పెట్టాడు. ఆ ఏటి జొన్న మేమే తిన్నాం.

ఇక ఒప్పుకోలు. ఆ మాట పెద్దమ్మ అనలేదు. అక్కడ ఆమె నోరే విప్పలేదు. పటేలు అలా అనగానే, గోడ వార ఉన్న రెండో కుర్చీ లాక్కుని, ఆయన ఎదురుగా కూచుంది. మా వాడ మనిషి, అందులోనూ ఆడమనిషి, పటేలు ముందు కుర్చీలో కూచోవడం అంతకుముందు ఎవరూ చూసి ఎరుగరు. బల్ల మీది తుపాకీ తీసి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, సంతకం అయ్యేదాకా అమీన్ సాబు కలాన్నే చూస్తూ ఉంది. అంతే జరిగింది. చేతులు కట్టుకుని నిలబడ్డది నేను. అందుకే ఆ మాట పుట్టించి ఆమె నోట్లో పెట్టాను; నేను అనవలసి ఉండింది. అది నాకు తట్టడానికి పదేళ్లు పట్టింది, అప్పటికి పటేలూ లేడు, పెద్దమ్మా లేదు. ఆమె కూచోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.