గుడిబండ, రెండొందల నలభై

నారాయణప్పకు నోరు మూసుకుని పనిచేయడం రాదు. తప్పనుకోకండి, అది ఆయన వృత్తి. ధర్మవరంలో పట్టుచీర అంచులకు డిజైన్లు గీసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, గ్రాఫ్ కాయితం మీది గడుల్ని ఆయనలా చదివేవాడు లేడు. "ఒకటి కొట్టు, రెండు ఇడువు, మూడు కొట్టు" అని ఆయన చదువుతుంటే, ఎదురుగా కూర్చుని పెండ్లాం చౌడక్క జకార్డు అట్టలకు చిల్లులు కొట్టేది. చిల్లున్న చోట మగ్గం మీద పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ముప్పై ఏళ్ళు అట్లా చదివీ చదివీ, నోటితో అననిదే ఏదీ ఆయన చేతికెక్కకుండా పోయింది. సంచిలోంచి వంకాయలు తీసినా లెక్క పైకే.

మగ్గాల చప్పుడులో బతికినందుకు చెవులు కూడా మందగించాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెవిటివాణ్ణి పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఎవరేమన్నా "ఊఁ" అని తల ఊపేవాడు. గుట్టు బాగా దాగిందనుకునేవాడు. ఆయన పనిచేసే అంగట్లో ఆ గుట్టు తెలియనిది ఒక్క గోడమీది బల్లులకే.

నాలుగేళ్ళ కింద చౌడక్క పోయింది. ఆమె వెనకే అట్టలూ పోయాయి. అంగడి యజమాని కుమారస్వామి శావుకారి తన మగ్గాలకు కంప్యూటర్ పెట్టించాడు. డిజైన్ అందులో ఉంటే మగ్గం అదే చదువుకుంటుంది. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చే లక్ష్మీకాంత్ అనే కుర్రవాడు దానికి ప్రోగ్రామ్ రాశాడు. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు, నల్లటి తెర. డిజైన్ పేరు కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది, చెబితే తెరుచుకుంటుంది.

నారాయణప్ప అందులో పెట్టింది చింతపూత అంచు. గుడిబండలో చౌడక్క పుట్టింటి పెరట్లో రాలే పూత అది. ముప్పై ఏళ్ళ కింద తొలిసారి ఆ అంచుకు అట్టలు కొడుతూ చౌడక్క ఒక్క కునుకు తీసింది. తొమ్మిదో పువ్వుకు ఒక రేకు తగ్గింది. నారాయణప్ప దాన్ని దిద్దలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ కునుకును అట్లాగే ఉంచాడు. ఆమెది ఇంకేం మిగిలిందని?

"ఇది బయటికి పాయిందంటే నా అంగడి పాయినట్లే, నారాయణప్పా. నీ చేతిలో పెడతాండా" అన్నాడు శావుకారి, ఆయన చెవి దగ్గరికొచ్చి.

పాస్‌వర్డ్ ఆయనే పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో గుడిబండ, దాని పక్కన రెండొందల నలభై. చౌడక్కా ఆయనా కలిసి పనిచేసిన మొదటి జకార్డుకు పోగుల్ని లేపే కొక్కేలు అన్ని ఉండేవి. తీరా కొట్టి చూస్తే అక్షరాలన్నీ తెరమీద తెల్లగా కనబడ్డాయి. ఆయనకు ఒళ్ళు మండింది.

"ఏమబ్బా, నా గుట్టంతా గోడమీద రాసినట్ల కనబడతాండాదే!"

లక్ష్మీకాంత్ ఒక్క పూటలో సరిచేశాడు. ఈసారి కొడితే అక్షరం లేదు, చుక్క లేదు, తెర నల్లగానే ఉంది. చుక్కలు పెడితే ఎన్ని అక్షరాలో తెలిసిపోతుందట. నారాయణప్పకు ఆ జాగ్రత్త తెగ నచ్చింది. కానీ ఏ అక్షరం దాకా వచ్చాడో కంటికి తెలియదు కదా? ఆ పని నోరు అందుకుంది. గొణుగుతున్నాననే అనుకున్నాడు పాపం. చెవిటివాడి గొణుగుడు వీధి చివరిదాకా వినబడుతుంది.

ఈ ఎండాకాలం తమ్ముడి మనవరాలి నామకరణానికి హిందూపురం వెళ్ళాడు. పంక్తిలో వడ్డిస్తున్న ఒకావిడ చీర అంచు చూసి, విస్తరి ముందునుంచి లేచిపోయాడు. పరాయి ఆడమనిషి కొంగు పట్టుకుని పువ్వుల్ని పైకే లెక్కపెట్టాడు. తొమ్మిదో పువ్వుకు ఒక రేకు తక్కువ.

"పవర్‌లూమ్ చీర, పెద్దాయనా. ఈడ అంగడంగడికీ ఉండాది" అని ఆవిడ కొంగు లాక్కుంది. ఎవరో నవ్వారు. చౌడక్క కునుకు ఊరందరి ఒంటిమీదా తిరుగుతోంది. ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాడే అంగట్లో పంచాయితీ పెట్టాడు. పాస్‌వర్డ్ తనకొక్కడికే తెలుసు, ఆ తాళం చేసినవాడు లక్ష్మీకాంత్, ఇక దొంగ ఎవరని వేరే చెప్పాలా? లక్ష్మీకాంత్ చాలాసేపు ఏదో చెప్పాడు. చెబుతూ చెబుతూ వేలితో నోరు చూపించాడు. మాటలు నారాయణప్పకు అందలేదు. కూడు పోతుందని ఏడుస్తున్నాడనుకున్నాడు.

"ఊఁ, ఊఁ! తిన్నింటి వాసాలు లెక్కపెట్టేటప్పుడు తెలీదా కూడు సంగతి?"

శావుకారి లెక్కల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం రైలుకు లక్ష్మీకాంత్ పెనుకొండ వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

వారం తర్వాత నారాయణప్ప తెర ముందు కూర్చున్నాడు. దొంగ పోయాడు కదా అని పాస్‌వర్డ్ కూడా మార్చలేదు. "జీ, యూ, డీ" అని మొదలుపెట్టాడు. గది ఊడుస్తున్న ఖైరున్‌బీ పెదవులు ఆయన కంటబడ్డాయి. రోజూ తాననే అక్షరాలే గనక, చెవులు పోయినా వాటిని పెదవులమీద చదవగలిగాడు. ఆమె ఆయనకంటే ముందుగా, ఎప్పుడూ వినే పాటలాగా, "రెండు, నాలుగు, సున్నా" దాకా వెళ్ళిపోయింది.

"నీకెట్లా తెలుసు?" అన్నాడు.

ఖైరున్‌బీ చీపురు కింద పెట్టి, ఆయన చెవిలో అరిచింది. "రోజూ నువ్వే చదువుతాండావు కదన్నా! మాకందరికీ నోటికొచ్చు. ఆ పిల్లోడు ఆ పొద్దు చెప్పింది అదే. తెరమీద దాస్తి గానీ ఆయన నోరు దాయలేకపోతి అన్యాడు. నువ్వేమో ఊఁ అని తల ఊపితివి."

"శావుకారి విన్యాడా?"

"ఇనకేం? డిజైన్ గీసేవాడు పోతే దొరకడు, ఆ పిల్లోడు పోతే రైలుకొకడు దిగుతాడని ఊరకున్యాడు."

డిజైన్ బయటికి అమ్మింది ఎవరో ఆమెకూ తెలియదు. ఆ గదిలోకి వచ్చిపోయే ఎవరైనా కావచ్చు. కాకపోతే ఈ నాలుగేళ్ళలో ఒక్కరైనా "నోరు మూసుకోప్పా" అనలేదు. అన్నా తనకు వినబడేదా అని నారాయణప్ప తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున శావుకారి పక్కనే నిలబడి, మగ్గానికి చింతపూత తీయమన్నాడు. ఎటూ అందరూ నేస్తున్నారు, మనమూ నేద్దామన్నాడు. నారాయణప్ప తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని, పళ్ళతో గట్టిగా కరిచిపట్టి, కొట్టడం మొదలుపెట్టాడు. తెర నల్లగా ఉంది. నాలుగో అక్షరం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. కొట్టాడా, కొట్టలేదా? తప్పు అంది తెర. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు. మూడోసారి తప్పనేసరికి ప్రోగ్రామ్ మూసుకుపోయింది.

శావుకారి విసుక్కుంటూ దాన్ని మళ్ళీ తెరిచి, వెనక్కి తిరిగి, "ఖైరున్‌బీ, ఇట్లా వచ్చి నువ్వు చదువు" అన్నాడు.

ఆమె చదివింది. నారాయణప్ప కొట్టాడు. చింతపూత తెరుచుకుంది.