పిలుస్తారని మెల్లగా నడిచాను

ఆ రోజుల్లో వైట్‌ఫీల్డ్ అంటే ఇప్పటి అద్దాల మేడలు కావు. తొంభైల మొదట్లో అక్కడ నీలగిరి చెట్లు, వాటి మధ్య రేకుల కప్పుల ఫ్యాక్టరీలు, సైరను మోగితే ఉలిక్కిపడి లేచే కొంగలు ఉండేవి. ఊరి నడుమ పాత బజారైన బళేపేటలో పుట్టి పెరిగిన మావాళ్ల లెక్కలో అది బెంగళూరే కాదు. నాకు అక్కడ ఉద్యోగం దొరికిందంటే మా అమ్మ దారిలో తినడానికి పులిహోర కట్టింది (మొదటి రోజున మాత్రమే కాదు, నేను బతిమాలి మాన్పించేదాకా). మాది బట్టల అంగడి. గద్దె మీద అన్న కూర్చున్నాడు, అక్కడ రెండో మనిషికి చోటు లేదు. కనుక నేను స్విచ్చులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా చేరాను. అంగడి నుంచి నా వాటాకు వచ్చిన ఆస్తి అనుమానం ఒక్కటే. అది మాత్రం పుష్కలంగా వచ్చింది. మా నాయన నాకు అక్షరాలకన్నా ముందు నేర్పింది, పైనున్న చీరను నమ్మకుండా అడుగు చీరను లాగి చూడటం. తడి రుమాలుతో రంగు రుద్దకుండా నేను సొంత చొక్కా కూడా కొనుక్కున్నవాణ్ణి కాను.

అలాంటివాడి దగ్గరికి మా యూనియన్ పెద్ద వచ్చి చేరమన్నాడు. మేము ఆయన్ను మీసాల మామ అనేవాళ్లం. మంచి మనిషే, కానీ మంచినీళ్లు అడిగినా నినాదంలాగే అడిగేవాడు. "చేరప్పా, నీకు కష్టమొస్తే మేముంటాం" అన్నాడు. "కష్టం రాకపోతే మామా?" అన్నాను. "రాకపోతే ఇంకేమప్పా, సంతోషం!" "అయితే అన్నాళ్లూ కట్టిన చందా ఊరికే పోయినట్టేనా?" మామ మీసం ఒకవైపు లేచి ఒకవైపు దిగింది. నేను వదల్లేదు. "మా అంగట్లో ఆడోళ్లు నాలుగు చీరలు ఇంటికి పట్టుకపోయి, కట్టి చూసుకొని, నచ్చింది పెట్టుకొని మిగిలినవి తెచ్చిస్తారు మామా. అట్ల కొన్నాళ్లు మీ యూనియన్ని చూస్తాను, నచ్చితే తీసుకుంటాను" అన్నాను. మామ నన్ను తేరిపార చూసి, "యూనియనంటే చీరనుకొంటివేమప్పా?" అని వెళ్లిపోయాడు. మర్నాటికల్లా ఫ్యాక్టరీ అంతటా నా పేరు 'శాంపిలు' అయింది. (ఆ పేరు నేను ఉద్యోగం మానేదాకా మానలేదు.)

నిజానికి ఆ యూనియన్ మీద నాకు గట్టి అనుమానమే ఉండేది. మామ ఎవరి భుజం మీద చెయ్యి వేసినా, రెండో చెయ్యి ఎక్కడుందా అని చూసేవాణ్ణి. వాళ్లకూ నా మీద అంతే. నేను ఆఫీసు మెట్లెక్కితే చాలు, "ఏం మోసుకొని పోతా ఉండాడో చూడు" అని గుసగుసలు. ఒకరినొకరు ఇంత శ్రద్ధగా గమనించుకున్న మనుషుల్ని నేను పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు.

ఇలా ఉండగా ప్రెస్సు అక్క ఉద్యోగానికే ముప్పు వచ్చింది. రేకును గుద్ది ముక్కలు చేసే పెద్ద ప్రెస్సు మీద పని చేసేది కాబట్టి ఆమెను అందరూ అలా పిలిచేవాళ్లు. వర్తూరు నుంచి సిటీబస్సులో వచ్చేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు, ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆ ప్రెస్సుకు చెయ్యి లోపలికి పోకుండా ముందు ఇనుప జాలీ ఒకటి ఉండేది, గార్డు అనేవాళ్లం. అది ఉంటే పని నెమ్మదవుతోందని కొత్త సూపర్వైజరు విప్పించేశాడు. అక్క మిషను ఆపి, చేతులు కట్టుకుని నిలబడింది. "జాలీ పెట్టండి, చేస్తాను. లేకుంటే మీరే వచ్చి చెయ్యి పెట్టండి" అన్నదట. ఆ సాయంత్రమే సస్పెన్షను, వారం తిరక్కుండా చార్జిషీటు, దాని మీద ఎంక్వైరీ. ఎంక్వైరీకి ఆమె తరఫున తోటి కార్మికుడు ఒకరు పక్కన కూర్చోవచ్చు. మీసాల మామ కండువా సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ అక్క, "మామ వద్దు, మామ అరిస్తే వాళ్లకు సులువు. ఆ శాంపిల్ని పిలవండి" అన్నది.

అందరూ నోళ్లు తెరిచారు. "వానిది అంగడి బుద్ధి. నిన్ను ఆఫీసోళ్లకు అమ్మి వస్తాడక్కా!" అని ఒకడు అన్నాడు, నేను అక్కడే ఉండగానే. అక్క నవ్వింది. "వాడు క్యాంటీన్లో వడను కూడా తిరగేసి చూసి తింటాడు కదప్పా. నాకు దేన్నీ నమ్మనోడే కావల్ల" అన్నది. అంత మంది ముందు నన్ను ఎవరూ అంత చక్కగా మెచ్చుకోలేదు. అయితే ఒక చిక్కు: యూనియన్ సభ్యుడు కానివాణ్ణి పంపేది లేదని మామ పట్టుబట్టాడు. చూసి తీసుకుంటానన్నవాణ్ణి, చందా కట్టి, చూడకుండానే తీసుకోవలసి వచ్చింది.

ఎంక్వైరీ పర్సనెల్ మేనేజరు గదిలో జరిగింది. ఆయన ఎప్పుడూ నవ్వు మొహంతోనే ఉండేవాడు, అందుకే మేము చిరునవ్వుల దొర అనేవాళ్లం. మేము కూర్చున్నామో లేదో కాఫీ వచ్చింది. అక్క కప్పు వైపు చెయ్యి చాచింది, నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. (మా అంగట్లో బేరానికి ముందు కాఫీ ఇప్పించేది మేమే. తాగినవాళ్లు ఉత్త చేతులతో లేవడానికి మొహమాటపడతారని మాకు తెలుసు.) "కాఫీ ఏం పాపం చేసెరా?" అని అక్క గొణిగింది. దొర నవ్వుతూ ఒక కాగితం ముందుకు తోశాడు. "సుమ్నే, ఊరికే ఒక క్షమాపణ రాసివ్వమ్మా. రేపటినుంచి పనిలోకి రా. అంతా మరిచిపోదాం." అక్క మొహం ఒక్కసారిగా విప్పారింది. నాకేమో అనుమానం పుట్టింది. అడగకముందే ధర దిగిందంటే బట్టలో ఎక్కడో చిరుగు ఉందన్నమాట. "జాలీ సంగతేంటి సార్?" అన్నాను. దొర నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మాత్రం పని మానేశాయి. "అది వేరే విషయం, దాన్ని ఇందులోకి తేవద్దు."

అప్పుడు చిరుగు కనిపించింది. అక్క తప్పయిందని రాసిచ్చిందంటే, జాలీ లేకుండా పని చేయననడం తప్పని ఒప్పుకున్నట్టే. రేపు ఆ ప్రెస్సు ముందు అక్క ఉంటుంది, జాలీ ఉండదు, ఈసారి నోరెత్తే దారీ ఉండదు. "ముందు జాలీ బిగించండి, తర్వాత కాగితం మాట" అన్నాను. "కుదరదు" అన్నాడాయన. కుదరదు అనగానే నా ఒళ్లు నా మాట వినలేదు, బళేపేట మాట విన్నది. లేచి నిలబడ్డాను. మా వీధిలో దాన్ని ఎవరూ కోపమనుకోరు. కొనేవాడు లేస్తాడు, మెల్లగా చెప్పులు తొడుక్కుంటాడు, నాలుగడుగులు వేస్తాడు, వెనకనుంచి "రాండప్పా, రాండి, అంత కోపమైతే ఎట్ల?" అని పిలుపు వస్తుంది. అప్పుడు అసలు బేరం మొదలవుతుంది. నేను పుట్టాక ఆ పిలుపు రాని రోజు చూడలేదు.

గది దాటాను. పిలుపు లేదు. వరండా దాటాను. లేదు. వెనకాలే అక్క గాభరాగా వస్తోంది. "ఎందుకురా వచ్చేస్తిమి?" "పిలుస్తారక్కా, మెల్లగా నడువు." మెట్లు దిగాం. ఒక్కో మెట్టు మీద ముసలివాడిలా ఆగాను. ముందున్న వాకిలి కూడా సగం దాటాక, ఇక చేసేదేమీ లేక వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. చెవులు రెండూ పై కిటికీ మీదే ఉన్నాయి. అప్పుడు వెలిగింది నా బుర్రకు: ఆయన అంగడివాడు కాడు. మేం వెళ్లిపోతే ఆయన గల్లా ఖాళీ కాదు, ఆయన జీతం ఆయనకు వస్తుంది. ఎంక్వైరీ మధ్యలో లేచి వెళ్లిందని రాసి అక్కను ఉద్యోగంలోంచి తీసేస్తే, తీయించినవాణ్ణి నేనే. లేసు నా వేళ్లకు అందలేదు.

అంతలో ఏదో తేడా తోచింది. ఒక చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఇంకొకటి. తలెత్తి చూద్దునా, షెడ్డులో మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతున్నాయి. జనం బయటికి వస్తున్నారు, అరవలేదు, తోసుకోలేదు, వచ్చి వాకిట్లో నిలబడ్డారు, అంతే. అందరికన్నా వెనక మీసాల మామ, చేతిలో సగం తిన్న వడతో, ఏమీ అర్థంకాని మొహంతో. నేను అక్కను అమ్మేస్తానన్న ఆ మనిషి నా పక్కకే వచ్చి నిలబడ్డాడు. (నిలబడి, "ఏమైనా సంతకం పెట్టినావా?" అని నెమ్మదిగా అడిగాడు.) అప్పుడు పై కిటికీ తెరుచుకుంది. "రాండి, రాండి! కూర్చొని మాట్లాడుకుందాం, అంత కోపమైతే ఎట్ల?" అచ్చం మా వీధి గొంతే. నేను కట్టని లేసుతోనే మెట్లెక్కాను.

సాయంత్రంలోపు జాలీ బిగించారు. నేను దాన్ని పట్టుకుని చీర అంచు లాగినట్టు నాలుగువైపులా లాగి చూశాకే అక్క సస్పెన్షను రద్దు కాగితం తీసుకున్నది. క్షమాపణ లేదు. మామ నన్ను కావలించుకుని, "ఏం ఎత్తప్పా, వాళ్లను బయటికి లాగి చూపిస్తివి!" అన్నాడు. ఎత్తూ లేదు పాడూ లేదు, పిలుస్తారని నడిచానంతే అని నిజం చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. లోగుట్టు చెప్పడం లేదని అనుమానపడి, ఆ అనుమానంతోనే నన్ను మరుసటి ఎన్నికల్లో ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఆ పని చాలా ఏళ్లు చేశాను. ఎవరి ఎంక్వైరీకి వెళ్లినా, మళ్లీ ఎప్పుడూ వాకిలి వైపు ఒకసారి చూడకుండా కుర్చీలోంచి లేవలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి అక్క చిన్న కూతురి పెళ్లికి వర్తూరు వెళ్లాను. అక్క రిటైరయింది. విస్తట్లో తనే వడ్డిస్తూ, "ఆ పొద్దు నిజంగానే వాడు పిలుస్తాడనుకొంటివా?" అని అడిగింది. "అనుకొంటినక్కా." "పిచ్చోడా! నువ్వు కిటికీనే చూస్తా లేసు కట్టుకొంటా ఉంటివి. నేను షెడ్డు దిక్కు తిరిగి, మిషన్ల కాడుండే ఆడోళ్లకు ఈ చెయ్యి చూపిస్తి" అంటూ కుడిచెయ్యి వేళ్లు విప్పి నా ముందు పెట్టింది. "ఇది ఉండల్లా, పోవల్లా అని. అంతే. వాళ్లే ఆపినారు." ఆ చేతి నిండా పెళ్లి పసుపు ఉంది, వేళ్లన్నీ ఉన్నాయి. కాఫీని, కాగితాన్ని, మామను, దొరను, చివరికి వడను కూడా అనుమానించినవాణ్ణి, పక్కనే నడిచిన అక్కను మాత్రం అనుమానించలేకపోయాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాకిట్లో వంగి, పైనుంచి రావలసిన పిలుపు కోసం చెవులు రిక్కించి, తన వెనక అంతమంది నడిచి వస్తున్న చప్పుడు వినిపించుకోని ఆ తెలివైనవాడు. పాపం, లేసు ముడి కూడా సరిగ్గా పడలేదు వాడికి.