పెళ్ళిళ్ళ హాలుకు కట్టని పన్ను

కొన్నేళ్ళపాటు ఒక అబద్ధాన్ని మోశాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంత సులువు.

గోపాల్‌పేట దగ్గరి ఒక ఊళ్ళో, వలసపోయిన కూలీల పిల్లల కోసం మా సంస్థ హాస్టల్ నడుపుతుంది. దాన్ని చూసుకునేది నేను. స్థలం ఊరే ఇచ్చింది. కోతలైతే ఎవరో ఒకరు వడ్ల బస్తా తెచ్చి, అడగకుండానే వరండాలో దించి పోయేవారు. సేవాసంస్థ కదా అని పంచాయతీ ఇంటిపన్ను కూడా మాఫీ చేసింది.

తరువాత రోడ్డు వైపు ఒక హాలు కట్టాం. దాన్ని పెళ్ళిళ్ళకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాను. అప్పటి సర్పంచ్ బాలమ్మ ఒకరోజు వచ్చింది. చిన్నప్పుడు తల్లిదండ్రుల వెంట పుణె పనులకు పోయి, బడి మొహమే చూడని మనిషి. మా పిల్లలంటే ప్రాణం.

"టీచరమ్మా, ముంగటి హాలు కిరాయికిస్తున్నవా? గట్లయితే దానికి పన్ను కట్టాల్నంట. సెక్రటరీ చెప్పిండు."

"కిరాయి ఏంది బాలమ్మా. పెళ్ళోళ్ళు పిల్లలకు ఒక పూట భోజనం పెట్టి పోతరు, అంతే."

"గంతేనా. అయితే ఒక్క రూపాయి వద్దు. మా పిల్లల్ని సాకుతున్నవ్. నీ దగ్గర తీసుకుంటే నాకు పాపం."

సిగ్గుపడ్డానా? లేదు. గండం గడిచిందనుకున్నాను. ఆ డబ్బు పిల్లలకే పోతోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చాలావరకు నిజమే. కానీ మా ఇంటి పై గది కూడా ఆ కిరాయితోనే లేచింది.

ఆ ఎండాకాలం ఊరి బోరు మోటరు కాలిపోయింది. బాగుచేయించడానికి పంచాయతీలో డబ్బు లేదు. రోజుకు ఒక్క ట్యాంకరు వచ్చేది. బాలమ్మ దాన్ని ముందు హాస్టల్‌కే పంపేది. బిందెలు పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళు, మా తొట్టి నిండేదాకా చూసి, మిగిలిన నీళ్ళు పంచుకునేవారు. ఒక్కరూ గొణగలేదు. పిల్లల పేరు చెప్పి నేను ఆ కిరాయి ఎవరి దగ్గర దాచాను? ఆ పిల్లల అవ్వల దగ్గరే, మేనత్తల దగ్గరే. మేం కట్టవలసిన పన్ను కట్టి ఉంటే ఆ మోటరు ఎప్పుడో బాగయ్యేదని తెలిసి కూడా, ఆ నీళ్ళు తాగుతూ, నోరు విప్పలేదు.

పోయిన నెల బాలమ్మ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఇప్పుడామె సర్పంచ్ కాదు. పల్లికాయలు ఒలుస్తూనే వింది.

"నాకు జెప్తే ఏమొస్తది? నీళ్ళకు నిలబడ్డోళ్ళకు జెప్పు."

గ్రామసభలో లేచి చెప్పాను. పై గది సంగతి కూడా. ఎవరూ తిట్టలేదు. ముందు వరసలో ఒక పెద్దామె మాత్రం లేచి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

హాలుకు పాత బాకీతో సహా పన్ను కడుతున్నాం. పై గది కిరాయికిచ్చి, ఆ డబ్బు హాస్టల్‌కు ఇస్తున్నాను. పిల్లలు పడుకునే గదులకు పన్నెందుకని ఇవాళ్టికీ ఎవరితోనైనా వాదిస్తాను. పెళ్ళిళ్ళ హాలు సేవ కాదు, వ్యాపారం. ఆ తేడా నాకు మొదటి రోజే తెలుసు.

బాలమ్మ ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు. అయినా ఆమె పట్ల నాకున్నది కృతజ్ఞతే. "పోనీలే" అని ఉంటే నేను గ్రామసభ దాకా పోయేదాన్ని కాదు. ఊరు నన్ను క్షమించలేదు. కానీ చెప్పి కూర్చున్నాక, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ మనుషుల ముఖాలు తిన్నగా చూడగలిగాను.